తేలకుండా, మునగకుండా

సముద్రానికి ఇంత దూరాన సికింద్రాబాదులో కూర్చుని డైవింగ్ జాకెట్ గురించి రాయడమేమిటని మీరు అడగవచ్చు. 2023 సంక్రాంతి నాడు మొదలైన వందే భారత్ మధ్యాహ్నం మనల్ని ఎక్కించుకుని ఎనిమిదిన్నర గంటల్లో విశాఖలో దింపేస్తుంటే సముద్రం ఇంకా దూరమెక్కడుంది? రుషికొండకో, కన్నడ తీరాన మురుడేశ్వర్ దగ్గరున్న నేత్రాణి దీవికో, అండమాన్‌కో వెళ్లి, నీళ్లలో మునిగి, ఫోటోలు పట్టుకొచ్చినవాళ్లు ఈమధ్య ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒకరైనా తగులుతున్నారు. ఆ ఫోటోల్లో అందరి కళ్లూ చేపల మీదే ఉంటాయి. వీపున సిలిండర్‌ను పట్టి ఉంచిన ఆ చేతుల్లేని కోటును ఎవరూ చూడరు. ఈ ముచ్చట్లన్నీ ఆ కోటు చుట్టూనే.

*

దాని అసలు పేరు బాయన్సీ కంట్రోల్ డివైస్. డైవర్లు పొట్టిగా బీసీడీ అంటారు. మన రాష్ట్రాల్లో బీసీ-డి అంటే రిజర్వేషన్ గ్రూపు కాబట్టి, ఆ మాట మొదటిసారి విన్న తెలుగువాడు సర్టిఫికెట్ కోసం జేబు తడుముకుంటే తప్పు పట్టకూడదు. ఇక్కడ జాకెట్ అనుకుందాం.

*

ఆ జాకెట్ డైవర్‌ను తేల్చడానికి అనుకుంటారు చాలామంది. నీటి పైన ఉన్నప్పుడు ఆ పని చేస్తుంది, నిజమే. నీటి అడుగుకు వెళ్లాక దాని పని వేరు. మనిషి పైకీ పోకుండా కిందికీ జారకుండా, ఉన్నచోటే నిలిచేట్టు చూడాలి. లోపల ఒక గాలి సంచి, సిలిండర్ నుంచి గాలి తెచ్చే సన్నటి గొట్టం, గాలి నింపే బటన్ ఒకటి, వదిలే బటన్ ఒకటి, అక్కడక్కడా గాలి తీసే వాల్వులు. సరంజామా అంతే.

లెక్క కూడా సులువే. ఒక లీటరు గాలి సుమారు ఒక కిలో బరువును మోస్తుంది. జాకెట్‌లో పదిహేను లీటర్లు పడితే పదిహేను కిలోల ఎత్తుడు. కానీ మన ఒంట్లోనే ఇంకో గాలి సంచి ఉంది. మామూలుగా ఒకసారి ఊపిరి పీలిస్తే అర లీటరు, అంటే అర కిలో తేలిక. కొంచెం లోతుగా పీలిస్తే రెండు మూడు కిలోలు. చెయ్యి తిరిగిన డైవర్లు అందుకే బటన్ జోలికి ఎక్కువగా పోరు. ఊపిరి కాస్త ఎక్కువ తీసుకుని రాయి మీదుగా లేస్తారు, కాస్త వదిలి దిగుతారు. బటన్‌ను మాటిమాటికీ టకటకా నొక్కుతున్నాడంటే వాడు నిన్న నేర్చుకున్నవాడని దూరం నుంచే చెప్పవచ్చు. మొన్న నేనూ అలాగే నొక్కాను.

*

తెలుగులో ‘తేలిక’ అన్న మాట ‘తేలు’ నుంచే వచ్చింది. తేలేది తేలిక.

*

మత్స్యకారుల వలను ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? పై అంచుకు బెండ్లు, కింది అంచుకు సీసపు గుండ్లు. బెండ్లు పైకి లాగుతాయి, సీసం కిందికి లాగుతుంది, మధ్యలో వల గోడలా నిలుస్తుంది. డైవర్ కూడా అంతే. పైన గాలి జాకెట్, నడుముకో జాకెట్ జేబుల్లోనో సీసం. తేడా ఒక్కటే. వలకు బెండ్లెన్ని, గుండ్లెన్ని అన్నది ఒడ్డునే తేలిపోతుంది. డైవర్ ఆ లెక్కను నీటి లోపల నిమిషనిమిషానికీ సరిచూసుకోవాలి.

*

బావిలో ఈత నేర్చుకున్న తరానికి జాకెట్ అంటే నడుముకు కట్టిన సొరబుర్ర. ఎండిన సొరకాయ లోపల గుంజు పోయి గాలి మిగులుతుంది. తర్వాత మూత బిగించిన డబ్బాలు, లారీ ట్యూబులు వచ్చాయి. ప్రపంచమంతటా కథ ఇదే దారిలో నడిచింది. 1854లో బ్రిటన్‌లో కెప్టెన్ వార్డ్ లైఫ్‌బోటు సిబ్బంది కోసం కార్క్ ముక్కలతో జాకెట్ కుట్టించాడు. దాని వెనక కపోక్ వచ్చింది. కపోక్ అంటే ఏదో విదేశీ సరుకు అనుకోకండి. మన దిండ్లలో కూరే తెల్లబూరుగు దూదే అది. ఆ పోగు లోపల డొల్ల, పైన మైనం లాంటి పూత, కాబట్టి నీరు తొందరగా చొరబడదు.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాను జావాను ఆక్రమించుకోవడంతో అమెరికాకు కపోక్ రావడం ఆగిపోయింది. అప్పుడు అక్కడి బడిపిల్లలు పొలం గట్ల వెంట మిల్క్‌వీడ్ కాయలు ఏరి, సంచుల్లో నింపి సర్కారుకు ఇచ్చారు. ఆ దూదితో నావికులకు జాకెట్లు తయారయ్యాయి. మిల్క్‌వీడ్ మన జిల్లేడుకు చుట్టం. గాలికి ఎగిరే ఆ పింజను మనం ఊదుకుంటూ ఆడుకున్నాం, వాళ్లు ప్రాణాలు కాపాడుకున్నారు.

అదే యుద్ధంలో బ్రిటిష్ వైమానికులు తమ గాలి జాకెట్‌కు హాలీవుడ్ నటి మే వెస్ట్ పేరు పెట్టుకున్నారు. గాలి నింపాక జాకెట్ ఎదభాగం ఎలా ఉండేదో ఊహకు వదిలేస్తున్నాను.

*

ఇక డైవింగ్ జాకెట్‌కు వస్తే, కూస్తో, గన్యాన్ ఇద్దరూ 1943లో నీటి అడుగున ఊపిరి అందించే ఆక్వాలంగ్ తయారుచేసినప్పుడు ఇలాంటి కోటేమీ లేదు. సీసం సరిగ్గా కట్టుకుని, ఊపిరి మీదా కాళ్ల మీదా నడిపించారు. 1961లో ఫ్రాన్సులో మోరిస్ ఫెంజీ కనిపెట్టినది గుర్రపు కాడిలా మెడలో వేసుకునేది. దానికి సొంతంగా ఒక బుల్లి సిలిండర్ కూడా ఉండేది. 1971లో స్కూబాప్రో కంపెనీ చేతులు దూర్చి కోటులా తొడుక్కునే రకం తెచ్చింది. ఇప్పుడు రుషికొండలో మనకు తొడిగేది దాని సంతతే.

*

హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు నడిపే పిల్లల్ని చూసే ఉంటారు. సికింద్రాబాద్ ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్‌లోనూ, యాట్ క్లబ్‌లోనూ లైఫ్ జాకెట్ లేకుండా పిల్లల్ని పడవెక్కనివ్వరు. అదీ జాకెట్టే, ఇదీ జాకెట్టే. కానీ ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు.

అసలైన లైఫ్ జాకెట్‌లో తేల్చే భాగం ఎక్కువగా గుండె వైపు ఉంటుంది, మెడ వెనక కూడా ఆధారం ఉంటుంది. స్పృహ తప్పిన మనిషిని కూడా వెల్లకిలా తిప్పి ముఖాన్ని నీటి పైన ఉంచాలన్నదే దాని లెక్క. డైవింగ్ జాకెట్ ఆ హామీ ఇవ్వదు. గాలి ఎక్కువగా వీపు వైపు ఉండే రకాలైతే స్పృహ లేని మనిషిని బోర్లా వేసే ప్రమాదం ఉంది. పడవ ప్రయాణంలో లైఫ్ జాకెట్, నీటిలో దిగేటప్పుడు డైవింగ్ జాకెట్. లైఫ్ జాకెట్ వేసుకుని డైవింగ్‌కు వస్తానంటే ఎలాగూ మునగలేరు!

2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల పర్యాటక పడవ మునిగింది. బతికి బయటపడ్డవారిలో లైఫ్ జాకెట్లు ఒంటి మీద ఉన్నవాళ్లు ఉన్నారు. పడవలో ఎన్ని జాకెట్లున్నా బెంచీ కింద ఉంటే లెక్కలోకి రావు. ఆ పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న బయటికి లాగింది. అప్పటికి పడవ మునిగి ముప్పై ఏడు రోజులైంది.

*

అరకు ఘాట్ ఎక్కేటప్పుడు చిప్స్ ప్యాకెట్ బెలూనులా ఉబ్బడం చూశారు కదా. జాకెట్‌కు సంబంధించిన అసలు భయం ఆ ప్యాకెట్‌లోనే ఉంది. 1662లో రాబర్ట్ బాయిల్ చెప్పిన సూత్రమే. పైనుంచి ఒత్తిడి తగ్గితే గాలి పెరుగుతుంది. కొండ మీద ఒత్తిడి కొంచెమే తగ్గుతుంది. నీటిలో పది మీటర్లు దిగితే చాలు, ఒత్తిడి రెండింతలవుతుంది, గాలి సగానికి నలుగుతుంది. ఇరవై మీటర్లకు మూడో వంతు. ముప్పైకి నాలుగో వంతు.

ఇప్పుడు ఒకాయన అవసరానికి మించి మూడు కిలోల సీసం కట్టుకున్నాడనుకుందాం. ఇరవై మీటర్ల లోతులో దానికి సరిపోయేలా జాకెట్‌లో మూడు లీటర్ల గాలి నింపుకున్నాడు. పైకి బయల్దేరి పది మీటర్లకు వచ్చేసరికి ఆ మూడు లీటర్లూ నాలుగున్నర అవుతాయి. వదలకుండా అలాగే వస్తే నీటి పైకి చేరేసరికి తొమ్మిది. గాలి పెరిగేకొద్దీ మనిషి వేగం పెరుగుతుంది, వేగం పెరిగేకొద్దీ గాలి ఇంకా తొందరగా పెరుగుతుంది. చివరి పది మీటర్లలోనే ఈ మార్పు అన్నిటికంటే ఎక్కువ. లోతుకు పోతేనే ప్రమాదమనుకునే వాళ్లకు ఇది మింగుడు పడదు.

కాబట్టి జాకెట్‌ను లిఫ్టులా వాడకూడదు. పైకి రావాలంటే గాలి నింపుకోరు, వదులుకుంటూ వస్తారు. నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా, కాళ్లతో ఈదుతూ, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి మరీ. ఊపిరి మాత్రం ఎక్కడా బిగబట్టకూడదు. నిండా పీల్చి బిగబట్టి ఒకటిన్నర మీటరు పైకి లేచినా ఊపిరితిత్తి చిరిగే అవకాశం ఉంది. ఈతకొలను లోతు చాలు దానికి.

*

గాలికి బరువుంటుందా? పదకొండు లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో రెండు వందల బార్ ఒత్తిడితో నింపిన గాలి రెండున్నర కిలోల పైనే తూగుతుంది. డైవ్ పూర్తయ్యేసరికి అందులో చాలా భాగం బుడగలై పోతుంది, డైవర్ ఆ మేరకు తేలికవుతాడు. దిగేటప్పుడు సరిగ్గా ఉన్న సీసం చివర్లో చాలక, అయిదు మీటర్ల దగ్గర ఆగుదామన్నా ఆగలేక బెండులా పైకి తేలిపోయేవాళ్లు అందుకే కనిపిస్తారు. ముందే ఒక పరీక్ష ఉంది. జాకెట్‌లో గాలి మొత్తం తీసేసి, నీటి పైన నిటారుగా నిలబడి మామూలు ఊపిరి పీల్చాలి. నీరు కంటి మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా దిగాలి. సిలిండర్ నిండుగా ఉండగా చేస్తే, దాని మీద ఇంకో రెండు కిలోలు కలుపుకోవాలి.

*

సికింద్రాబాద్ ఈతకొలనులో సరిగ్గా తూగిన సీసం విశాఖలో తూగదు. ఉప్పునీరు మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం బరువెక్కువ, అంత ఎక్కువగా తేలుస్తుంది. మనిషి, సామాను కలిపి తొంభై అయిదు కిలోలుంటే సముద్రంలో ఇంకో రెండున్నర కిలోల దాకా సీసం కావాలి. అటు నుంచి ఇటు వచ్చేవాళ్లు అంత సీసం తీసేయాలి. తీయకపోతే కొలను అడుగు పలకలు లెక్కపెట్టుకోవలసిందే.

*

వానాకాలంలో పేపర్లో వచ్చే ఒక అంకె మనందరికీ తెలిసిందే. హుస్సేన్‌సాగర్ నిండు మట్టం 513.41 మీటర్లు. సముద్ర మట్టం నుంచి అన్నమాట. డైవింగ్ పాఠాల్లో మూడు వందల మీటర్లు దాటిన నీటిలో దిగితే దాన్ని ‘ఎత్తు ప్రదేశపు డైవింగ్’ కింద లెక్కిస్తారు, పట్టికలు మారతాయి. కాబట్టి ట్యాంక్‌బండ్ పక్క నీటిలో మునిగే గజ ఈతగాడు, ఆ లెక్క ప్రకారం, కొండ మీద చెరువులో దిగుతున్నట్టే.

దీనికంటే అక్కరకొచ్చే సంగతి ఇంకొకటి. మనవాళ్ల విశాఖ ప్రయాణం ఎలా ఉంటుందో తెలుసుగా. పొద్దున్న రుషికొండలో డైవింగ్, మధ్యాహ్నం బొర్రా గుహలు, సాయంత్రం అరకు. వద్దు. లోతులో ఉన్నప్పుడు ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. ఆలోపే ఎత్తుకు వెళితే అది లోపలే బుడగలు కడుతుంది. ఆరు వందల మీటర్లు దాటిన ఎత్తుకు వెళ్లాలంటే ఒక్క డైవ్ తర్వాత కనీసం పన్నెండు గంటలు, ఎక్కువసార్లు దిగి ఉంటే పద్దెనిమిది గంటలు ఆగమని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెబుతుంది. అరకు లోయ తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది. విమానానికీ అదే నియమం. అరకు ముందు చూసి, సముద్రం తర్వాత పెట్టుకుని, మరునాడు రైలెక్కితే ఏ గొడవా లేదు. సికింద్రాబాద్ ఆరు వందల లోపే ఉంది.

*

హుస్సేన్‌సాగర్ బుద్ధుడిని తలుచుకోకుండా ఈ ఊళ్లో మునగడం గురించి ఎలా మాట్లాడతాం? 1990 మార్చి 10న బల్లకట్టు మీద తీసుకెళ్తుండగా విగ్రహం చెరువులో పడిపోయింది, మనుషుల ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబర్‌లో గానీ దాన్ని పైకి తీసి నిలబెట్టలేకపోయారు. రాయగిరి దగ్గరి ఏకశిల, 58 అడుగుల ఎత్తు, మూడు వందల టన్నుల పైమాట. గ్రానైట్ నీటికి రెండున్నర రెట్ల కంటే ఎక్కువ సాంద్రం కాబట్టి నీటిలో ఉన్నంతసేపు ప్రతి వంద టన్నులకూ ముప్పై ఏడు టన్నుల దాకా చెరువే మోసింది. తల బయటికి వచ్చిన దగ్గర్నుంచి ఆ సాయం అంగుళం అంగుళానికీ తగ్గుతూ పోతుంది. ఈత కొలను నిచ్చెన చివరి మెట్టు మీద సిలిండర్‌తో నిలబడ్డవాడికి ఇది మోకాళ్లలో తెలుస్తుంది.

*

సొరకాయకు తేలడం తెలుసు. సొరచేపకు తేలే తిత్తి లేదు! చాలా చేపల కడుపులో గాలితిత్తి ఉంటుంది, అదే వాటి జాకెట్. సొరచేప దాని బదులు కాలేయం నిండా నూనె పెట్టుకుంటుంది. పులసది ఇంకో దారి. దాని జాతి చేపల గాలితిత్తికి జీర్ణనాళంతో దారి ఉంటుంది, పైకొచ్చి గాలి మింగి నింపుకుంటాయి. సముద్రం విడిచి గోదారి ఎక్కే చేప బరువు నీటి నుంచి తేలిక నీటిలోకి వస్తుంది కాబట్టి ఆ తిత్తి దానికి బాగా పనికొస్తుంది. రెండున్నర కిలోల సీసం తీసే పని లేకుండా పులస చేసేసే పనికి మనకు ఇన్ని వాల్వులు కావలసి వచ్చాయి.

*

విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని టికెట్ కొని చూసినవాళ్లు లోపలి గొట్టాల అడవిని మరచిపోరు. 1969 డిసెంబర్‌లో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో సేవ ముగించి, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. అందులోనూ సూత్రం జాకెట్‌దే. తొట్టెల్లోకి నీరు వదిలితే మునుగుతుంది. అదిమిన గాలితో ఆ నీటిని తోసేస్తే తేలుతుంది. అదే విశాఖలో, హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన డైవింగ్ నౌక నిస్తార్ 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. మూడు వందల మీటర్ల లోతు దాకా డైవర్లను పంపగల నౌక అది. ఆ లోతులో ఒత్తిడి ముప్పై ఒక్క రెట్లు. మన జాకెట్‌లోని లీటరు గాలి అక్కడ ఆరు టీ చెంచాల పైన కాస్త మిగులుతుంది.

*

అంతరిక్షంలో నడవడానికి తర్ఫీదు ఎక్కడిస్తారు? ఈతకొలనులో. హ్యూస్టన్‌లో నాసా వారి కొలను పన్నెండు మీటర్ల లోతు, అరవై రెండు మీటర్ల పొడవు. సూట్‌కు బరువులూ తేలే ముక్కలూ తగిలించి, మనిషి ఎటూ కదలకుండా నిలిచేవరకు డైవర్లు సర్దుతూనే ఉంటారు. ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లిన తండ్రికి పుట్టిన రాజా చారి 2022 మార్చిలో అంతరిక్ష కేంద్రం బయట నడిచారు. అంతకుముందు ఆయన సాధన చేసింది ఆ నీటిలోనే.

*

నీటిలో బొటనవేలు పైకెత్తి చూపిస్తే ‘బ్రహ్మాండం’ అని కాదు, ‘పైకి పోదాం’ అని. వెయ్యి రూపాయల చేపను చూసిన ఆనందంలో వేలు ఎత్తినందుకు, నన్ను మా గురువు మర్యాదగా పైకి తీసుకొచ్చేశారు. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

*

సిలిండర్‌ను జాకెట్‌కు బిగించే నైలాన్ పట్టీని ముందు తడపాలి. పొడిగా ఉండగా బిగిస్తే నీటిలో సాగి వదులవుతుంది, సిలిండర్ మెల్లగా కిందికి జారుతుంది.

*

గాలి ఎప్పుడూ ఎత్తయిన చోటికి చేరుతుంది. భుజం పక్క గొట్టంలోంచి గాలి వదలాలంటే నిటారుగా ఉండి గొట్టం పైకెత్తాలి. తలకిందులుగా ఉండి బటన్ నొక్కి, గాలి పోవడం లేదని కంగారు పడేవాళ్లుంటారు. అప్పుడు నడుము దగ్గరి వాల్వ్ తాడు లాగాలి.

ఉప్పు పేరుకుపోతే గాలి నింపే బటన్ ఒక్కోసారి ఇరుక్కుంటుంది. జాకెట్ తనంతట తాను ఉబ్బుతూ పోతుంది. అలాంటప్పుడు వదిలే బటన్‌తో కుస్తీ పట్టడం కంటే గొట్టాన్ని జాకెట్ నుంచి ఊడదీయడం ముఖ్యం. ఒక చేత్తో దాన్ని ఊడదీస్తూ, రెండో చేత్తో గాలి వదులుతూ, నోటితో ఊపిరి వదులుతూ ఉండాలి. ఆ గొట్టం ఎలా ఊడుతుందో ఒడ్డున కళ్లు మూసుకుని పదిసార్లు చేసి చూడండి. మొదటిసారి దిగే పర్యాటకులకు ఈ బాధ లేదు, బటన్లు గురువు చేతిలోనే ఉంటాయి. వాటిని ముట్టుకోవద్దని ఆయన అంటే ముట్టుకోకండి, అంతే.

*

1992 నుంచి 2003 వరకు జరిగిన 947 డైవింగ్ మరణాలను పరిశోధకులు ఒక్కొక్కటిగా తవ్వి చూశారు. గొలుసులో మొదటి లంకె ఏమిటని వెతికితే, కారణం తెలిసినవాటిలో 41 శాతం చోట్ల సిలిండర్‌లో గాలి తక్కువ పడడమే. ఆ తర్వాతి లంకె సగానికి పైగా కేసుల్లో ఆదరాబాదరా పైకి రావడం. సొరచేపలకు ఆ జాబితాలో పెద్ద పాత్ర లేదు.

*

సముద్రంలో వాడిన జాకెట్‌ను పైన కడిగితే చాలదు. లోపలికీ మంచినీరు పోసి, కుదిపి, వాల్వుల గుండా వంచేయాలి. లోపల చెమ్మ మిగిలితే బూజు, బాక్టీరియా పెరుగుతాయి. ఆ గాలిని పొరపాటున కూడా పీల్చకూడదు. ఆ తర్వాత గాలి నింపి, నీడలో వేలాడదీసి, మరునాడు మెత్తబడిందేమో చూస్తే ఎక్కడైనా కారుతుందో లేదో తెలిసిపోతుంది.

మా ఇంట్లో నీడంటే వరండాయే. పక్కింటి పిన్నిగారు ఆ ఉబ్బిన కోటును అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఏంటి నాయనా ఇది, చలికోటా?”

“నీళ్లలో వేసుకునేది పిన్నిగారూ.”

“వేసుకుంటే తేలుతావా?”

“తేలకుండా ఉండడానికండీ.”

“అయితే మునుగుతావా?”

“మునగకుండా ఉండడానికి కూడా.”

ఆవిడ కాసేపు ఆలోచించి, “ఎటూ కాకుండా ఉండడానికి ఇంత డబ్బు పోశావా!” అంటూ లోపలికి వెళ్లిపోయారు.